తక్కువ బరువుతో పుట్టిన బిడ్డకు కంగారూ సంరక్షణ ఇవ్వడం ఎలా?

మా అమ్మాయికి ముప్పై మూడో వారంలోనే కాన్పయింది. మనవరాలు 1,640 గ్రాములు తూగింది. పుట్టగానే ఏడ్చింది, ఊపిరి కూడా సొంతంగానే తీసుకుంది. అయినా నాలుగు రోజులు తల్లి ఒక అంతస్తులో, బిడ్డ మరో అంతస్తులో ఉన్నారు. ఐదో రోజు ఒక నర్సమ్మ మా అమ్మాయిని వాలు కుర్చీలో కూర్చోబెట్టి, జాకెట్టు విప్పించి, పిల్లను తెచ్చి రొమ్ముల మధ్య నిలువుగా పడుకోబెట్టింది. అప్పటిదాకా చల్లగా తగిలిన ఆ అరికాళ్లు అరగంటలో వెచ్చబడ్డాయి. నా వేళ్లతో తాకి చూశాను. మొదటి నాలుగు రోజులూ ఇలా ఎందుకు చేయలేదని అడగాలన్న తెలివి అప్పుడు నాకు లేకపోయింది. మీ ఇంట్లో నెలలు నిండకుండానో, రెండున్నర కిలోలకు తక్కువ బరువుతోనో బిడ్డ పుడితే మీరు మొదటి రోజే అడగాలి. అందుకే ఇదంతా రాస్తున్నాను.

దీని పేరు కంగారూ సంరక్షణ. ఆసుపత్రుల్లో కేఎంసీ అంటారు. బిడ్డను తల్లి ఒంటికి నేరుగా తగిలేలా రోజులో వీలైనన్ని గంటలు ఉంచడం, తల్లిపాలే పట్టడం ఇందులో ముఖ్యం. దీన్ని మందుగా చూడండి. ప్రతి మందుకూ మోతాదు ఉన్నట్టే దీనికీ ఉంది, ఆ మోతాదును గంటల్లో కొలుస్తారు. ఇంట్లో వాళ్లందరి పని ఆ గంటలను సమకూర్చడమే.

గంటల లెక్క ఎక్కడి నుంచి వచ్చింది

1978లో కొలంబియా రాజధాని బొగొటాలో ఇంక్యుబేటర్లు చాలక ఒక్కో దానిలో ఇద్దరు ముగ్గురు పసికందులను పెట్టేవారు. ఒకరి జబ్బు ఇంకొకరికి అంటుకునేది. అక్కడి పిల్లల వైద్యుడు ఎడ్గార్ రే సనాబ్రియా ఆ బిడ్డలను తల్లుల రొమ్ము మీదికి చేర్చాడు. అలా మొదలైన పద్ధతిని చాలాకాలం పేద దేశాల సర్దుబాటుగానే చూశారు. బిడ్డ పరిస్థితి కుదుటపడ్డాకే తల్లికి ఇవ్వాలన్న నియమమూ అలాగే సాగింది. మా మనవరాలి విషయంలో జరిగింది ఆ పాత నియమమే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆధ్వర్యంలో జరిగి 2021లో వెలువడిన ఒక పరిశోధన ఆ నియమాన్ని తిరగరాసింది. ఘనా, భారత్, మలావి, నైజీరియా, టాంజానియా దేశాల్లో ఒక్కో ఆసుపత్రి ఇందులో పాల్గొంది. మన దేశం నుంచి ఢిల్లీలోని సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి ఉంది. ఒక కిలో నుంచి 1,799 గ్రాముల దాకా బరువున్న 3,211 మంది బిడ్డలను రెండు గుంపులు చేశారు. ఒక గుంపులో పుట్టిన వెంటనే కంగారూ సంరక్షణ మొదలుపెట్టారు. రెండో గుంపులో పాత పద్ధతి ప్రకారం కుదుటపడేదాకా ఆగారు. ప్రత్యేక విభాగంలో ఉన్నన్నాళ్లు మొదటి గుంపు బిడ్డలు రోజుకు దాదాపు 17 గంటలు ఒంటి స్పర్శలో ఉంటే, రెండో గుంపు వాళ్లకు దక్కింది గంటన్నర. ఇరవై ఎనిమిది రోజుల లోపు చనిపోయినవారు మొదటి గుంపులో నూటికి 12 మంది, రెండో గుంపులో 15.7 మంది. తేడా ఎంత స్పష్టంగా ఉందంటే, రెండో గుంపు బిడ్డలకు దీన్ని ఇవ్వకుండా ఉండటం సరికాదని పరిశోధనను గడువుకు ముందే ఆపేశారు.

ఇదంతా పెద్దాసుపత్రుల మాట అనుకోకండి. హర్యానా పల్లెల్లో 1,500 నుంచి 2,250 గ్రాముల బరువున్న ఎనిమిది వేల మందికి పైగా బిడ్డల మీద జరిగిన అధ్యయనం 2019లో వచ్చింది. అక్కడ కార్యకర్తలు ఇళ్లకు వెళ్లి తల్లులకు నేర్పారు, చేసింది ఇంట్లోనే. నెల లోపు మరణాల ముప్పు 30 శాతం తగ్గింది, ఆరు నెలల లోపు 25 శాతం తగ్గింది. 2023లో మన దేశపు వైద్యులు 31 పరిశోధనల ఫలితాలను కలిపి లెక్క వేశారు. మొదటి 24 గంటల్లో మొదలుపెట్టి, రోజుకు కనీసం 8 గంటలు చేస్తే మేలు ఎక్కువని తేలింది. నెలలు నిండని, బరువు తక్కువ బిడ్డలందరికీ రోజుకు 8 నుంచి 24 గంటల వరకు, వీలైనంత ఎక్కువసేపు కంగారూ సంరక్షణ ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నవంబరులో సిఫారసు చేసింది. ఎనిమిది గంటలు అంటే అది అడుగు మెట్టు అని గుర్తుంచుకోండి.

కాన్పుకు ముందు, మొదటి రోజు

నెలలు నిండకముందే నొప్పులు వచ్చే సూచన ఉంటే, బరువు తక్కువ బిడ్డలను చూసే ప్రత్యేక విభాగం ఉన్న ఆసుపత్రికే వెళ్లండి. జిల్లా ఆసుపత్రుల్లోని ఆ విభాగాన్ని ఎస్‌ఎన్‌సీయూ అంటారు. అక్కడ మూడు ప్రశ్నలు అడగండి. బిడ్డ ఉన్న చోటే తల్లికి మంచం ఇస్తారా? కేఎంసీ మొదటి రోజే మొదలుపెడతారా? తల్లికి వీలు కాకపోతే ఇంట్లో మరొకరిని రానిస్తారా? మర్యాదగా అడగండి, కానీ ఒక్కసారి అడిగి ఊరుకోకండి. చాలాచోట్ల నర్సులకు ఇది బాగా తెలుసు, అడిగేవాళ్లు లేక, చోటు లేక చేయించలేకపోతున్నారు.

సిజేరియన్ అయితే చేయకూడదన్న మాట నిజం కాదు. తల్లి తెలివిలో ఉండి, కాస్త ఆనుకుని కూర్చోగలిగితే చాలు, ఆ పూటే మొదలుపెట్టవచ్చు. ఆక్సిజన్ గొట్టమో, ముక్కు ద్వారా పాలు పట్టే గొట్టమో ఉన్నంత మాత్రాన అడ్డు కాదు, వాటితోనే నర్సు సాయంతో పడుకోబెడతారు. వెంటిలేటర్ మీద ఉండి పరిస్థితి అటూ ఇటూగా ఉన్న బిడ్డ సంగతి వేరు. దాన్ని డాక్టరు నిర్ణయానికే వదలండి.

బిడ్డను కట్టుకునే తీరు

తల్లి ముందువైపు గుండీలున్న నైటీ గానీ వదులు చొక్కా గానీ వేసుకోవాలి. గోళ్లు కత్తిరించుకుని, చేతులు మోచేతుల దాకా సబ్బుతో కడుక్కోవాలి. ఉంగరాలు, గాజులు, మెడలో గొలుసులు తీసి పక్కన పెట్టాలి. నల్లపూసలు, పుస్తెలు తీయడానికి మనసొప్పకపోతే వాటిని వీపు మీదికి తిప్పి కట్టుకోవచ్చు. మా అమ్మాయి అలాగే చేసింది.

బిడ్డకు టోపీ, మేజోళ్లు, లంగోటీ మాత్రమే ఉండాలి. ఒంటి మీద చొక్కా ఉంటే తల్లి వెచ్చదనం అందదు. రొమ్ముల మధ్య నిలువుగా, కప్పను గోడకు అతికించినట్టు పడుకోబెట్టండి. చేతులు మడిచి, కాళ్లు తొడల దగ్గర ఎడంగా ముడుచుకుని ఉండాలి. తల ఒక పక్కకు తిప్పి, గడ్డం కొద్దిగా పైకి ఉంచాలి. అన్నిటికంటే జాగ్రత్తగా చూడవలసింది ఈ మెడనే. గడ్డం ఛాతీకి ఆనుకుపోతే ఊపిరి దారి మూసుకుంటుంది, మరీ వెనక్కి వాలినా అంతే. ముక్కు, నోరు ఎప్పుడూ బట్ట బయట, మీ కంటికి కనబడుతూ ఉండాలి.

కట్టడానికి ప్రత్యేకమైన సంచులు అమ్ముతారు. అవి కొనకపోయినా ఫరవాలేదు. చాలాసార్లు ఉతికి మెత్తబడ్డ నూలు చీర ముక్క వాటికేమీ తీసిపోదు. బిడ్డ చెవి కిందిదాకా వచ్చేలా చుట్టి గట్టిగా ముడివేయండి. ఛాతీ దగ్గర బిగువుగా, పొట్ట దగ్గర కొంచెం వదులుగా ఉండాలి. తల్లి లేచి నిలబడినా బిడ్డ జారకూడదు. దాని మీద నైటీ మూసుకుంటే చాటుకు చాటు, వెచ్చదనానికి వెచ్చదనం.

మన ఎండాకాలంలో ఇంకో ప్రశ్న వస్తుంది. మే నెలలో ఉక్కపోస్తుంటే బిడ్డను ఒంటికి కట్టుకోవడమా అని పెద్దవాళ్లు కసురుకుంటారు. చంకలో థర్మామీటర్ పెట్టి చూస్తే 36.5 నుంచి 37.5 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. గది వేడిగా ఉంటే టోపీ, మేజోళ్లు తీసేయండి, కట్టు ఒక వరస తగ్గించండి, ఫ్యాను గాలి నేరుగా బిడ్డ మీద పడకుండా తిప్పుకోండి. కంగారూ సంరక్షణను మాత్రం మానకండి. చెమటతో తడిసిన బట్టను వెంటనే మార్చండి, తడి బట్ట బిడ్డ వేడిని లాగేస్తుంది.

గంటలు కూడబెట్టడం

చాలా ఇళ్లలో పని చెడేది ఇక్కడే. తల్లి పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట బిడ్డను కట్టుకుని, చేశామన్న తృప్తితో ఊరుకుంటారు. ఒక్కో విడత కనీసం గంటకు తగ్గకూడదు. పది నిమిషాలకోసారి తీసి పెడితే బిడ్డ నిద్ర చెడుతుంది, ఒళ్లు చల్లబడుతుంది. ఆ గంటలన్నీ కలిపితే ఎనిమిది దాటాలి.

మేము క్యాలెండర్ పక్కన ఒక కాగితం అతికించాం. ఎవరు ఎన్నింటికి బిడ్డను కట్టుకున్నారో, ఎన్నింటికి దించారో రాయడమే. మొదటి రోజు మొత్తం కూడితే నాలుగున్నర గంటలు వచ్చింది. రోజంతా బిడ్డ ఒళ్లోనే ఉందని మేమందరం నమ్మాం మరి. ఆ కాగితం లేకపోతే మమ్మల్ని మేమే మోసం చేసుకునేవాళ్లం. మీరు ఇంకేమీ చేయకపోయినా ఈ కాగితం ఒక్కటి పెట్టండి.

అది చూశాక గంటలు ఎక్కడ పోతున్నాయో కనబడింది. పరామర్శకు వచ్చినవాళ్ల ముందు తల్లి బిడ్డను దించి కూర్చుంటోంది. కాబట్టి నెల దాకా ఎవరూ రావద్దని ఫోనులోనే చెప్పేశాం, బారసాల వాయిదా వేశాం. కొందరు నొచ్చుకున్నారు. తరవాత సర్దుకున్నారు. తల్లి స్నానం, భోజనం, కాలకృత్యాలు, పాలు పిండుకోవడం కలిపితే రోజుకు ఐదారు గంటలు. ఆ సమయంలో బిడ్డ ఇంకొకరి ఒంటి మీద ఉండాలి. అమ్మమ్మ, నాన్నమ్మ, పిన్ని, మేనత్త, ఎవరైనా సరే. ఒంటికి జబ్బు లేకుండా, చర్మం మీద పుండ్లు లేకుండా, జలుబు, దగ్గు, జ్వరం లేకుండా ఉంటే చాలు. నేను రోజుకు నాలుగు గంటలు పంచుకున్నాను. నా అరవై రెండేళ్ల ఒంటిలోనూ ఆ బిడ్డకు సరిపడా వెచ్చదనం ఉంది.

తండ్రి సంగతి విడిగా చెప్పాలి. మన దగ్గర మొదటి కాన్పు పుట్టింట్లో జరుగుతుంది, అల్లుడు శని ఆదివారాల్లో చుట్టపుచూపుగా వస్తాడు. పైగా పురిటి మైల పేరుతో పది పదకొండు రోజులు బిడ్డను ముట్టుకోనివ్వరు. బరువు తక్కువ బిడ్డకు అన్నిటికంటే విలువైన రోజులు సరిగ్గా అవే. ఇంటి పెద్దలు ఆ ఆచారాన్ని ఈ ఒక్కసారికి పక్కన పెట్టాలి, ఆ మాట పెద్దల నోటి నుంచే రావాలి, అల్లుడు తనంతట తాను అడగలేడు. తండ్రి ఛాతీ మీద కూడా బిడ్డ వెచ్చగానే నిద్రపోతుంది. సిగరెట్ తాగేవాడైతే ఆ అలవాటు మానుకుని రావాలి, పొగ వాసన పట్టిన చొక్కాతో, ఒంటితో దగ్గరకు రాకూడదు. మద్యం తాగిన రోజు అసలు ఎత్తుకోకూడదు.

రాత్రి గంటలు పెద్ద ఆస్తి. తల్లి వెల్లకిలా చదునుగా పడుకోకుండా, వీపు కింద రెండు మూడు దిండ్లు పెట్టుకుని ఏటవాలుగా పడుకోవాలి. కట్టు గట్టిగా ఉందో లేదో, మెడ సరిగ్గా ఉందో లేదో మెలకువగా ఉన్న ఇంకొకరు చూడాలి. సోఫాలో గానీ కుర్చీలో గానీ కునుకు పడితే బిడ్డ జారిపోయే ప్రమాదం ఉంది, నిద్ర ముంచుకొస్తుంటే బిడ్డను మరొకరికి అందించండి. తల్లి అలిసిపోయి ఏడుస్తుంటే అది ఆమె తప్పు కాదు. ఆ పూట ఆమె చేతిలో అన్నం పళ్లెం పెట్టి, బిడ్డను మీరు తీసుకోండి.

పాలు

ముప్పై నాలుగు వారాలు నిండని బిడ్డకు చప్పరించడం, మింగడం, ఊపిరి తీయడం మూడూ కలిపి చేసే నేర్పు ఇంకా రాదు. అటువంటప్పుడు పాలు పిండి ఉగ్గుగిన్నెతో పట్టాలి. మన అమ్మమ్మల కాలం నాటి ఆ ముక్కున్న చిన్న గిన్నెనే నేడు ఆసుపత్రుల్లోనూ వాడుతున్నారు. బిడ్డను సగం కూర్చున్నట్టు పట్టుకుని, గిన్నె ముక్కును పెదవి మూలకు ఆనించి, కొద్దికొద్దిగా పోయండి. మింగాకే మరో చుక్క. గబగబా పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పాలసీసా వద్దు, దాన్ని శుభ్రంగా ఉంచడం కష్టం, రొమ్ము పట్టడమూ మరిచిపోతుంది.

ముర్రుపాలు ఒక్క చుక్క కూడా పారేయకండి. తేనె, చక్కెర నీళ్లు, ఆముదం, గుడ్డ ముంచి చప్పరింపజేసే ఆవుపాలు, వీటిలో ఏదీ నాలుక మీద పెట్టకూడదు. రెండు గంటలకోసారి, రాత్రి కూడా లేపి పట్టాలి. ఈ బిడ్డలు ఆకలికి ఏడవరు, నిద్రలోనే నీరసిస్తారు. పిండిన పాలను మూత ఉన్న శుభ్రమైన స్టీలు గిన్నెలో ఉంచి నాలుగు గంటల లోపు వాడండి, ఫ్రిజ్‌లో పెడితే 24 గంటలు. వేడి చేయడానికి పొయ్యి మీద పెట్టకండి, ఆ గిన్నెను గోరువెచ్చని నీళ్లలో ఉంచితే చాలు. బిడ్డ రొమ్ము మీద ఉంటే పాలు బాగా పడతాయి, కాబట్టి కట్టు విప్పిన వెంటనే పిండుకోవడానికి కూర్చోండి.

ఐరన్, విటమిన్ డి చుక్కలు డాక్టరు రాసిన మోతాదులో మానకుండా వేయండి.

ఇంట్లో మానవలసినవి

బొడ్డుకు పసుపు, బూడిద, నూనె ఏవీ రాయకండి, పొడిగా వదిలేస్తే దానంతటదే రాలుతుంది. కంటికి, బుగ్గకు కాటుక వద్దు. డాక్టరు చెప్పేదాకా తలంటు, నలుగు, కాళ్ల మీద పడుకోబెట్టి చేయించే స్నానం వద్దు, గోరువెచ్చని తడిగుడ్డతో తుడవండి. చెవిలో, ముక్కులో నూనె వేయకండి. సాంబ్రాణి పొగ నాకూ ఇష్టమే, మా అమ్మ నాకూ వేసింది, నా పిల్లలకూ నేను వేశాను. కానీ అప్పుడప్పుడే విచ్చుకుంటున్న ఊపిరితిత్తులకు ఏ పొగైనా పొగే. మనవరాలికి వేయలేదు.

బరువు, కళ్లు, చెవులు

మొదటి వారంలో బరువు తగ్గడం సహజం. పది పద్నాలుగు రోజులకు పుట్టినప్పటి బరువుకు తిరిగి వస్తుంది. తరవాత కిలో బరువుకు రోజుకు 15 గ్రాముల చొప్పున పెరగాలి, అంటే 1,600 గ్రాముల బిడ్డ వారానికి దాదాపు 170 గ్రాములు. ప్రతిసారీ ఒకే తూకం మీద, బట్టలు లేకుండా తూచండి. ఆసుపత్రిలో కాన్పయినా ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికి రావాలి. రాకపోతే మీరే ఫోను చేయండి. మీ గంటల కాగితాన్ని ఆమెకు చూపించండి.

కళ్ల పరీక్ష చాలామంది మరిచిపోతారు. రెండు కిలోలకు తక్కువగానో, 34 వారాలు నిండకుండానో పుట్టిన బిడ్డకు కంటి వెనక పొరలో రక్తనాళాలు అస్తవ్యస్తంగా పెరిగి చూపు పోయే ప్రమాదం ఉంది. బయటి నుంచి చూస్తే కన్ను మామూలుగానే కనిపిస్తుంది. పుట్టిన 30 రోజుల లోపు కంటి డాక్టరు రెటీనా చూడాలి, మరీ చిన్న బిడ్డలకు ఇంకా ముందే చూడాలి. సమయానికి పట్టుకుంటే లేజర్‌తో చూపు కాపాడవచ్చు. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి వంటి చోట్ల ఈ పరీక్ష చేస్తారు, మీ ఊరికి దగ్గరలో ఎక్కడ చేస్తారో డిశ్చార్జి రోజే అడిగి తేదీ రాయించుకోండి. వినికిడి పరీక్షకూ అదే రోజు చీటీ తీసుకోండి.

ఆలస్యం చేయకూడని గుర్తులు

బిడ్డ పాలు తాగడం మానేసినా, ఊపిరి నిమిషానికి 60 సార్లకు మించినా, ఊపిరి తీస్తుంటే పక్కటెముకల కింద లోతుగా గుంటలు పడుతున్నా, ఊపిరి మధ్యలో ఆగి పెదవులు నీలిరంగుకు తిరిగినా, మూర్ఛ వచ్చినా, లేపినా కదలకపోయినా, ఒళ్లు 37.5 దాటి కాలుతున్నా, గంటసేపు కట్టుకున్నా చల్లగానే ఉన్నా, అరచేతులు, అరికాళ్లు పసుపు పచ్చగా మారినా, బొడ్డు చుట్టూ ఎర్రబడినా ఆ క్షణమే బయలుదేరండి. తెల్లవారాక చూద్దామని ఆగకండి. 108కి ఫోను చేయండి, దారిలో కూడా బిడ్డను ఒంటికి కట్టుకునే తీసుకెళ్లండి, అంబులెన్సులో చలికి నీరసించకుండా అదే కాపాడుతుంది. ప్రభుత్వ ఆసుపత్రిలో పసిబిడ్డలకు చికిత్స, మందులు, రాకపోకల వాహనం ఉచితం, డబ్బు లేదని వెనకాడవద్దు.

ఎప్పుడు ఆపాలి

దీనికి బిడ్డే తీర్పు చెబుతుంది. బరువు రెండున్నర కిలోలకు దగ్గర పడుతుండగా, నెలలు నిండే సమయానికి, కట్టులో ఇమడలేక కాళ్లతో తన్నుతుంది, చేతులు బయటికి లాగుతుంది, చికాకుపడి ఏడుస్తుంది. ఒక్క రోజు అలా చేసిందని ఆపేయకండి, వరసగా రెండు మూడు రోజులు చూడండి. తరవాత కూడా స్నానం అయ్యాక, చలి రాత్రుల్లో కాసేపు కట్టుకోవచ్చు.

బొగొటాలో ఈ పద్ధతిలో పెరిగిన పిల్లలను ఇరవై ఏళ్ల తరవాత మళ్లీ వెతికి పరీక్షించారు. బడి మానడం, దుడుకుతనం వాళ్లలో తక్కువగా కనిపించాయి. ఆ సంగతి చదివినప్పుడు మా కాగితంలోని అంకెలన్నీ నాకు మళ్లీ గుర్తొచ్చాయి. నలభై మూడో రోజున మా పిల్ల 2,450 గ్రాములు తూగింది. ఆ మధ్యాహ్నం నా కట్టులోంచి రెండు చేతులూ బయటికి లాగేసుకుని, నా మెడ మీద పిడికిళ్లతో గుద్దింది. కాగితం మీద ఆ రోజుకు మూడు గంటలు రాశాను. మర్నాటి గడి ఖాళీగా ఉండిపోయింది.